లిందా టీచర్ సీటు

ఎర్మెలిందా పెరటి తొట్టి దగ్గర వంగి రెండోసారి వాంతి చేసుకుంది.

లోపల భోజనాల బల్ల దగ్గర్నుంచి ఎవరూ లేవలేదు. వేరుశనగ సూప్ మీద చల్లిన బంగాళాదుంప వేపుడు ముక్కలు నానిపోతున్నాయి. కాబోయే అల్లుడు గ్రోవెర్ ఎముకలోంచి మూలుగ జుర్రుతున్న చప్పుడు పెరట్లోకి వినిపిస్తూనే ఉంది.

"సూప్ పడలేదేమో," అన్నాడు ఆమె భర్త అబెలార్దో, ఎవరితోనని కాకుండా.

"సూప్‌కేం, బాగానే ఉంది. పడనిది మాట," అంది అతని తల్లి మెల్చోరా. ఎనభై దాటాక ఆవిడకి చెవులు సగమే పనిచేస్తున్నాయి గానీ, వినకూడని మాటలన్నీ ఆ సగంలోనే పడతాయి.

ఆ మాట విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే గ్రోవెర్‌దే. మొక్కజొన్న కల్లు చిచా రెండు గిన్నెలు తాగి, మూడోది పోసుకుంటూ అన్నాడు.

"అత్తయ్యా, ఎం.ఏ.లో మీకొచ్చింది ఆఖరి సీటు కదా. అది దానంతటది మీ ఒళ్ళో వచ్చి పడిందనుకుంటున్నారా? నేను మాట్లాడాను. పెళ్ళికి ముందే అల్లుడిచ్చిన కానుక అనుకోండి."

అని నవ్వి, బల్ల మీదుగా చెయ్యి చాచి ఆమె భుజం తట్టాడు. వేళ్ళకున్న నూనె జిడ్డు ఆమె తెల్లటి బ్లౌజుకి అంటుకుంది.

లిందా ఆ మరకనే చూసింది. తర్వాత లేచి పెరట్లోకి నడిచింది.

యాభై మూడేళ్ళ మనిషి. ఇరవై ఎనిమిదేళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. ఆర్థికశాస్త్రంలో ఎం.ఏ. చేస్తానని అన్ననాటి నుంచీ ఇంట్లో ఎవరి ముఖమూ సరిగ్గా లేదు. అయినా చదివింది, పరీక్ష రాసింది, ముఖాముఖికి వెళ్ళింది. శుక్రవారం ఫలితం వచ్చింది. ఆ రోజు మార్కెట్‌లో కూరగాయలమ్మే వాళ్ళకి కూడా చెప్పుకుంది. ఇప్పుడు ఆ చెప్పుకోవడమే గొంతులోకి ఎగదన్ని వస్తోంది.

నోరు కడుక్కుని గుమ్మంలో నిలబడింది.

"ఎవరితో మాట్లాడావు?"

"పెద్దవాళ్ళతోనే. పేర్లెందుకు అత్తయ్యా."

"ఏమని మాట్లాడావు?"

"మా అత్తగారు, కాస్త చూడండన్నాను. అంతే. మన ఊళ్ళో పనులు ఇలాగే కదా జరిగేది."

లిందా కూతురి వైపు చూసింది. యోవానా తల వంచుకుని రొట్టెముక్కని చిన్న చిన్న ఉండలు చేస్తోంది. భర్త వైపు చూసింది. అతను మిరప పచ్చడి గిన్నెని కొంచెం ఇటు జరిపి, మళ్ళీ అటు జరిపాడు.

"నీకు ముందే తెలుసా, అబెలార్దో?"

అతని బదులు గ్రోవెరే చెప్పాడు.

"మామయ్య నిన్ననే నాకు మంచి సింగానీ ద్రాక్షసారా సీసా ఇచ్చారు. వద్దంటున్నా వినలేదు."

"బాగుంది," అంది లిందా. "సీసా ఇచ్చి పుచ్చుకున్నారన్నమాట."

గ్రోవెర్ కాసేపు చూసి, ఎవరికో ఫోన్ చెయ్యాలంటూ లేచాడు. యోవానా అతని వెనకే వీధి గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ వాళ్ళు గుసగుసగా చాలాసేపు మాట్లాడుకున్నారు. లిందాకి మాటలు వినపడలేదు. వినాలనీ అనిపించలేదు.

*

వంటింట్లో ఆమె గిన్నెలు కడుగుతోంది. అబెలార్దో తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. తడి గిన్నె అందించినప్పుడల్లా తుడుస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆదివారాలు ఇలాగే గడిచాయి. ఈ రోజు ఆమె గిన్నె అతని చేతికివ్వడం లేదు, బండ మీద పెడుతోంది. అతను అక్కణ్ణుంచి తీసుకుంటున్నాడు.

"లిందా, సీటొచ్చిందా లేదా?"

ఆమె తిరిగి చూసింది.

"ఎలా వస్తే ఏంటి? వచ్చింది కదా. నువ్వు కోరుకున్నదేగా," అన్నాడు.

"నేను కోరుకున్నది ఇదా?"

"కుర్రాడు మంచికే చేశాడు. అభిమానంతో చేశాడు."

"నువ్వు అతనికి సీసా ఇచ్చినప్పుడు నాతో ఒక్క మాట అనాలనిపించలేదా?"

"అంటే నువ్వు ఇలాగే చేస్తావని తెలుసు."

"ఎలాగ?"

"ఇలాగే. ముక్కు మూసుకుని. ప్రపంచమంతా కుళ్ళు వాసన కొడుతున్నట్టు."

అతను అలా అంటాడని ఆమె అనుకోలేదు. అబెలార్దో గట్టిగా మాట్లాడే మనిషి కాదు. మందుల షాపులో కూర్చుని, వచ్చిన ప్రతివాడి రోగాన్నీ ఓపిగ్గా వినే మనిషి.

ఆ షాపులోనే మొదలైంది ఇదంతా. రెండేళ్ళ కిందట లిందా దగ్గర ఒకప్పుడు చదువుకున్న ఒక పిల్ల తల్లి ఇన్సులిన్ కోసం వచ్చింది. లేదన్నాడు అబెలార్దో. మర్నాడు వచ్చింది, లేదన్నాడు. ఆ తర్వాత ఆవిడ బదులు ఆ పిల్ల వచ్చి, ఇంక అక్కర్లేదు సార్ అని చెప్పి వెళ్ళింది. ఎందుకు లేదని లిందా అడిగితే దిగుమతికి డాలర్లు లేవన్నాడు. డాలర్లు ఎందుకు లేవని అడిగింది. వర్షం ఎందుకు పడలేదని అడిగినట్టు చూశాడు. ఎదురింటాయన ఈ ప్రభుత్వం తినేసిందన్నాడు. ఆయన తమ్ముడు పాత ప్రభుత్వం తినేసిందన్నాడు. టీవీలో మంత్రి కొరతే లేదన్నాడు. అందరి ముఖాల్లోనూ ఒకటే ధీమా. తెలియదు అని ఒక్కడూ అనలేదు. ఆమెకి అప్పుడు పట్టుకున్న ఏవగింపు ఇప్పటిదాకా వదల్లేదు. పాత పుస్తకాల దుకాణానికి వెళ్ళి, మొదటి ఆర్థికశాస్త్రం పుస్తకం కొనుక్కొచ్చింది.

"నేను ఎందుకు చదవాలనుకున్నానో నీకు తెలుసు," అంది.

"తెలుసు. తెలుసుకుంటే ఇన్సులిన్ వస్తుందా?"

"రాదు."

"మరి?"

"అప్పుడు ఎవరూ నాకు అబద్ధం చెప్పలేరు."

అతను తువ్వాలు మడిచి మేకుకి తగిలించాడు. "అలాగైతే రేపు వెళ్ళి సీటు వదిలేసెయ్. నాకు అదీ ఇష్టమే." ఆ మాటలో వినపడిన ఊరట ఆమెకి గ్రోవెర్ నవ్వు కంటే రోతగా తోచింది.

ముందు గదిలోంచి మెల్చోరా గొంతు వచ్చింది. "వదిలేస్తే ఆ కుర్రాడు సీసా తిరిగిస్తాడా, అడుగు."

*

సోమవారం పొద్దున్నే బయల్దేరింది. విశ్వవిద్యాలయం నడవాలో విద్యార్థి సంఘాల ఎన్నికల పోస్టర్లు ఒకదాని మీద ఒకటి అంటించి గోడలే లావెక్కాయి. మూలనున్న మరుగుదొడ్డి వాసన మెట్ల దాకా కొట్టింది. పరీక్ష రోజున ఇదే దారిలో నడిచినప్పుడు ఈ వాసన తెలియలేదు. ఆ రోజు అన్నీ బాగున్నాయి.

శాఖాధిపతి డాక్టర్ అరాండియా సన్నగా, తెల్లజుట్టుతో, మెడలో రెండు కళ్ళజోళ్ళు వేలాడేసుకుని ఉండే మనిషి. కూర్చోమంది. లిందా నిలబడే చెప్పింది.

"నా సీటు వదులుకోవడానికి వచ్చాను."

"ఆరోగ్యం బాలేదా?"

"బాగానే ఉంది."

"ఇంట్లో ఒప్పుకోలేదా?"

"ఆ సీటు నాది కాదు. మీ దగ్గర గంటల లెక్కన పాఠాలు చెప్పే గ్రోవెర్ ఉర్కీది నాకు అల్లుడు కాబోతున్నాడు. అతను మీతో మాట్లాడి ఇప్పించాడట."

అరాండియా ఒక కళ్ళజోడు తీసి రెండోది పెట్టుకుంది. లిందాని కింద నుంచి పైదాకా చూసింది.

"నాతోనా?"

"పెద్దవాళ్ళతో అన్నాడు."

"పెద్దవాళ్ళంటే ఇక్కడ నేనే. ముఖాముఖిలో నాతోపాటు ఇద్దరున్నారు. ఒకాయన బయటి ఊరు, లా పాస్ నుంచి వచ్చాడు, ఇంకొకాయనకి మీ అల్లుడెవరో కూడా తెలియదు. పేపర్లు దిద్దినవాళ్ళకి పేర్లు కనపడవు." ఆవిడ గొంతు పెరగలేదు గానీ మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. "గ్రోవెర్ ఉర్కీది ఈ గదిలోకి జీతం ఆలస్యమైనప్పుడు తప్ప రాలేదు. అతను చెబితే ఇక్కడ కప్పు టీ కూడా రాదు."

లిందా కుర్చీ వెనక భాగం పట్టుకుంది.

"అయితే నాకు..."

"మీకొచ్చింది ఆఖరి సీటే. మీ గణాంకాలు బాగున్నాయి, ఆర్థిక చరిత్ర ఘోరంగా ఉంది. అయినా ఆ సీటు మీదే. ఇంకెవరిదీ కాదు."

సంతోషం రావాలి. రాలేదు. సీటు దొంగిలించి ఇచ్చాడనుకుంది నిన్న. అతను దొంగిలించింది సీటు కాదు. దాన్ని ఆమె సంపాదించుకుందన్న సంగతి. ఆదివారం పూట, తన బల్ల దగ్గర, తను వండిన సూప్ తాగుతూ. దానికి తన భర్త సీసా ఇచ్చి థాంక్స్ చెప్పాడు.

"గురువారం శాఖ బోర్డు కూర్చుంటుంది," అంది అరాండియా. "అతన్ని పిలుస్తాను. మీరు ఇప్పుడు చెప్పిందే అక్కడ చెప్పాలి."

"అతను నా కూతుర్ని చేసుకోబోతున్నాడు, మేడమ్."

"అది మీ ఇంటి సంగతి. నేను సీట్లు అమ్ముతున్నానని ఊళ్ళో భోజనాల దగ్గర చెప్పుకోవడం నా ఇంటి సంగతి."

లిందా గుమ్మం దాకా వెళ్ళింది.

"ఇంకో మాట," అంది అరాండియా వెనకనుంచి. "మీరు వదిలేసి వెళ్ళిపోతే, అతను చెప్పిందే నిజమైపోతుంది. సాయంత్రం మొదటి క్లాసు. ఎవరు చెబుతున్నారో తెలుసుగా?"

తెలుసు. గణాంకశాస్త్రం. గ్రోవెర్.

*

ఇంటికొచ్చేసరికి యోవానా తలుపు దగ్గరే ఉంది. ట్రావెల్ ఆఫీసుకి సెలవు పెట్టిందట. ఎందుకో చెప్పలేదు.

"చెప్పేశావా?"

"ఏం చెప్పాలి?"

"మానేస్తున్నానని."

లిందా శాలువా తీసి కుర్చీకి వేసింది. "మానేస్తున్నానని నీతో ఎవరన్నారు?"

"నాన్న అన్నాడు." కాసేపాగి, "నువ్వు అలాంటి సీటులో కూర్చోవు కదా," అంది.

"అలాంటి సీటంటే?"

"అమ్మా, నిన్న వాంతి చేసుకున్నావు."

"చేసుకున్నాను."

"మరి?"

"సాయంత్రం క్లాసుంది. వెళ్తున్నాను."

యోవానా ముఖంలో రంగు మారింది. లిందా దాన్ని చూసింది. కాబోయే మొగుడికి అవమానమని భయం కాబోలు అనుకుంది.

"ఆయన క్లాసులో, పిల్లల మధ్య, ముందు బెంచీలో కూర్చుంటావా?"

"వెనక బెంచీలో కూర్చుంటే నల్లబోర్డు కనపడదు నాకు."

"నవ్వులాట కాదమ్మా. అందరూ ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారు?"

యోవానా గది మధ్యలో అటూ ఇటూ తిరిగింది. "ఈ తల్లి కూతురే కదా ఇదే శాఖలో చేరి రెండో టర్ములో మానేసి పారిపోయిందీ అనుకుంటారు. అదే గది. అదే బెంచీ. నేను కూర్చుని ఏడ్చిన బెంచీ. నువ్వెళ్ళి అక్కడే కూర్చుని, లెక్కలన్నీ చేసేసి, ఇంటికొచ్చి నాకు కాఫీ ఇస్తావు. ఏమీ అనవు కూడా. నువ్వు ఏమీ అనకుండా ఉండటం ఎలా ఉంటుందో నీకు తెలియదు."

లిందా కుర్చీ మీది శాలువా తీసి మడత పెట్టింది. ఆ కోర్సు మానేసినప్పుడు కూతుర్ని ఒక్క మాట అనలేదనే ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. అనకపోవడం మంచితనమనుకుంది.

"నేను నీతో పోటీకి వెళ్ళడం లేదు, యోవానా."

"తెలుసు. అదే ఇంకా అసహ్యం."

మూలన మంచం మీద పడుకున్న మెల్చోరా కళ్ళు తెరవకుండానే అంది. "పిల్లా, నీ తల్లి చదివితే నీకేం తగ్గుతుందే?"

"నీకు తెలియదు నానమ్మా. పడుకో."

"పడుకునే ఉన్నాను. అందుకే అడుగుతున్నా."

యోవానా గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. లోపల ఫోన్ మోగింది. ఆమె ఎత్తలేదు. మళ్ళీ మోగింది.

లిందా ఆ తలుపు ముందు నిలబడింది. సీటు నాదే, అతను నీకూ అబద్ధం చెప్పాడు అని చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ ఆ మాట గ్రోవెర్ నోటినుంచి రావాలి. కూతురు అతని నోటినుంచే వినాలి. తను చెబితే తల్లి కాబోయే అల్లుడి మీద చెప్పిన చాడీ అవుతుంది. బోర్డు దగ్గరికి పోయి చెబితే అతని ఉద్యోగం పోతుంది, దాంతో ఇంకేం పోతుందో తెలియదు. ముందు అతనికే ఒక అవకాశం ఇవ్వాలి.

నిన్న మరకపడిన బ్లౌజు తొట్టిలో నానేసి బయల్దేరింది.

*

క్లాసులో పాతిక మంది దాకా ఉన్నారు. ముందు వరసలో చోటుంది. ఎప్పుడూ ఉంటుంది.

"లిందా టీచర్?" అన్నాడు వెనకనుంచి గడ్డం పెంచుకున్న కుర్రాడొకడు. "తొమ్మిదో తరగతిలో నన్ను ఫెయిల్ చేశారు."

"చేసే ఉంటాను. ఇప్పుడొచ్చా లెక్కలు?"

"అంతంతమాత్రం."

"నాకు చరిత్ర రాదు. చూసుకుందాం."

రెండు మూడు గొంతులు నవ్వాయి. కానీ కిటికీ వైపు కూర్చున్న అమ్మాయిలు నవ్వలేదు. ఒకతె రెండోదాని చెవిలో ఏదో అంది. అందులో 'సార్ వాళ్ళ అత్తగారు' అన్న మాట లిందా చెవిన పడింది. అయితే ఆ మాట ఆదివారం భోజనం బల్ల దగ్గరే ఆగలేదు. ఆమె నోట్సు పుస్తకం తెరిచి పైన తేదీ వేసింది.

గ్రోవెర్ లోపలికొచ్చాడు. ఆమెని చూసి ఒక్క క్షణం అడుగు తడబడింది. వెంటనే నవ్వు తెచ్చుకున్నాడు. తిన్నగా ఆమె బెంచీ దగ్గరికే వచ్చి, అందరికీ వినపడేలా అన్నాడు.

"రండి అత్తయ్యా. మా ఇంటివాళ్ళే మా విద్యార్థులైతే అంతకంటే ఏం కావాలి."

మళ్ళీ చెయ్యి భుజం మీద పడింది.

లిందా ఆ చేతిని తీసి బెంచీ మీద పెట్టింది, ఎవరో మర్చిపోయిన వస్తువుని పక్కన పెట్టినట్టు. లేచి నిలబడింది.

"ఇక్కడ నేను మీ అత్తయ్యని కాను, సార్. ఒక ప్రశ్న ఉంది."

"పాఠం అయ్యాక..."

"పాఠానికి ముందే అడగాలి. ఈ సీటు మీరు మాట్లాడి ఇప్పించారని నిన్న మా ఇంట్లో చెప్పారు. ఇక్కడ కొందరికి కూడా చెప్పినట్టున్నారు. ఎవరితో మాట్లాడారో, ఏం మాట్లాడారో, ఇప్పుడు అందరి ముందూ చెప్పండి. నిజమైతే నేను ఈ తలుపులోంచే వెళ్ళిపోతాను. కాకపోతే అదైనా చెప్పండి. గురువారం దాకా ఆగక్కర్లేదు."

గురువారం అన్న మాటకి గ్రోవెర్ ముఖం పాలిపోయింది. కిటికీ వైపు అమ్మాయి రాస్తున్న పెన్ను ఆపింది.

"అత్తయ్యా, ఇది చోటు కాదు."

"మరి భోజనాల బల్ల చోటా?"

అతను నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయాడు. అతని కళ్ళు ఆమెని దాటి తలుపు దగ్గర ఆగాయి.

లిందా తల తిప్పింది.

గుమ్మంలో యోవానా నిలబడి ఉంది. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చింది. బస్సు దిగి పరిగెత్తిందో ఏమో, రొప్పుతోంది.

"ఆయన్ని అడక్కమ్మా," అంది. "ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. అలా చెప్పమన్నది నేను."

గ్రోవెర్ "యోవానా" అన్నాడు మెల్లిగా. ఆమె అతని వైపు చూడలేదు.

"అది వింటే నీకు రోత పుట్టి, నీ అంతట నువ్వే మానేస్తావని నాకు తెలుసు. నిన్ను ఆపడానికి నాకు ఇంకేదీ కనపడలేదు."

లిందా బెంచీలో కూర్చోలేదు. కూతురి వైపు నడవనూ లేదు.